చుక్క ముట్టని బాబాయి కాక్‌టెయిల్స్

మొన్న రాజమండ్రిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళాను. మోరంపూడి అవతల కొత్తగా కట్టిన హాలు. లోపలికి అడుగు పెట్టగానే రంగుబల్బుల కింద ఒక బల్ల, దాని వెనక నల్లకోటు తొడుక్కున్న మనిషి ఒక స్టీలు డబ్బాను చెవి పక్కన పెట్టుకుని గిలకొడుతున్నాడు. పైన ‘మాక్‌టెయిల్స్’ అని బోర్డు. మావాళ్ళంతా అక్కడే మూగి ఉన్నారు. సంధ్య వార్చనిదే మంచినీళ్ళు ముట్టని మా పెదమామగారు పుదీనా ఆకులు తేలుతున్న గ్లాసు ఒకటి పూర్తి చేసి, రెండోది నీలంరంగుది పోయించుకుంటున్నారు. పెళ్ళి చేయించిన పురోహితుడుగారైతే అడుగున మిగిలిన ఐసుముక్కల్ని కూడా వదలలేదు. నాకూ ఒకటిచ్చారు. అల్లం, నిమ్మరసం, బెల్లప్పాకం, సోడా. ఒక్క గుక్క మింగేసరికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పక్కనున్న మరదలు, అల్లం ఘాటెక్కువైందా వదినా, అని అడిగింది. అవునన్నాను. ఇరవయ్యేళ్ళ కిందట ఇవే నీళ్ళ మూలంగా మా ఇంట్లో ఇద్దరన్నదమ్ములు మాటలు మానేశారని ఆ సందట్లో ఎవరికి చెప్పను?

పెద్దవారు మా నాన్నగారు, చిన్నవాడు మా బాబాయి. నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. బాబాయి కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ చూసుకునేవాడు. బాబాయి ఇంకా పలకా బలపం పట్టే వయసులోనే మా తాతగారు పోయారు. కోనసీమలో ఊరు వదిలి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రాజమండ్రి వచ్చి, ట్యూషన్లు చెప్పి చదివించారు నాన్నగారు. ఒడుగు చేసింది ఆయనే, పెళ్ళి చేసింది ఆయనే. బాబాయి కొత్త చొక్కా కొనుక్కున్నా ముందు మా వీధి అరుగు మీదికొచ్చి అన్నగారికి చూపించి గాని తొడుక్కునేవాడు కాదు. పిన్నీ బాబాయిలకు పిల్లల్లేరు. రెండు వీధుల అవతల వాళ్ళ డాబా ఇల్లు. నా చిన్నతనం సగం ఆ డాబా మీదే గడిచింది. పెళ్ళయ్యాక కూడా నా కాపురం ఊళ్ళోనే కావడంతో ఆ అలవాటు పోలేదు.

మా వైపు మొదటి కంప్యూటరు వచ్చింది బాబాయి ఇంటికే. పిన్ని దానికి పువ్వుల గుడ్డతో గలీబు కుట్టింది. ఇంటర్నెట్ పెట్టించాక ఇంటి టెలిఫోను దాని పాలైపోయింది. మోడెం కీచుమంటున్నంతసేపూ పాలకొల్లులో ఉన్న పిన్ని వాళ్ళమ్మగారికి ఎంగేజ్ కూతే. కూతురింట్లో ఏదో అయిందని హడలిపోయి ఆవిడ ఒకసారి బస్సెక్కి వచ్చేశారు. తీరా చూస్తే అల్లుడు బనీనుతో కూర్చుని, ఊరూ పేరూ తెలియనివాళ్ళకు గోదావరి గాలి ఎలా వీస్తోందో రాస్తున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకున్నారు. అంతకన్నా ఏమనగలరు, అల్లుడాయె.

పుష్కరాలు వెళ్ళిన ఏడాదికో రెండేళ్ళకో, తెలుగులో టైపు కొట్టి బ్లాగు రాయవచ్చని బాబాయి కనిపెట్టాడు. ఇక ఆ మనిషిని పట్టలేకపోయాం. సెల్‌ఫోనుకు సిగ్నలు కావాలంటే మెట్ల గది మీద ఏ మూల నిలబడాలో రాశాడు. మెయిన్ రోడ్డులో ఏ ఇంటర్నెట్ సెంటర్లో మౌసు మాట వింటుందో రాశాడు. ఒక మంచి రోజ్‌మిల్క్ తాగాక నాలుక ఎంతసేపు గులాబీరంగులో ఉంటుందో రాశాడు. అవన్నీ నిజాలే, చదువుతుంటే ఊరు కళ్ళకు కట్టేది. కాని ఆయనకు ఆ నిజాలు చాలలేదు. అటు తుని, ఇటు బెజవాడ దాటి పెద్దగా ఎరగని మనిషికి మహానగరాల మీద మోజు పుట్టింది. పెద్ద హోటళ్ళ మేడల మీద కూర్చుని దీపాలు చూస్తూ తాగే కాక్‌టెయిల్స్ గురించి ఎక్కడెక్కడివో చదివి, తనూ రాయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడే చెప్పేస్తున్నాను, బాబాయి జన్మలో చుక్క మందు ముట్టలేదు. వాసన చూస్తేనే ఆయనకు తలనొప్పి. ఆదివారం సాయంత్రాలు డాబా మీద చాప పరిచి, మూత బిగిసే పచ్చళ్ళ డబ్బా, మెజరింగ్ జారు, గోలీసోడాలు పెట్టుకుని కూర్చునేవాడు. అల్లం, నిమ్మ, బెల్లప్పాకం, సోడా కలిపి గిలకొడితే వరదనీటి రంగు వచ్చేది. దానికి ‘ఎర్రగోదారి’ అని పేరు పెట్టాడు. ముంజలు చిదిపి, కొబ్బరినీళ్ళు పోసి చేసింది ఇంకొకటి. మేమే ఆయన ప్రయోగశాల ఎలుకలం. పిన్ని ఒక గుక్క తాగి, ఉప్పు పడాలండీ, అనేది. బ్లాగులోకి ఎక్కేసరికి మాత్రం సోడా ఉన్నచోట రమ్ము ఉండేది, కొబ్బరినీళ్ళ చోట జిన్ను ఉండేది. ఎందుకు బాబాయ్ ఈ కోతలు అని అడిగితే, సోడా అని రాస్తే మన వీధి వాళ్ళు కూడా చదవరు, రమ్మంటే బొంబాయివాళ్ళూ చదువుతారు, అనేవాడు. నిజంగానే చదివేవారు. ఎక్కడెక్కడివాళ్ళో, గురువుగారూ నిన్న మీరు చెప్పినట్టే కలిపాం, అద్భుతం, అని రాస్తే బాబాయి ముఖం వెలిగిపోయేది. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా పరీక్షనాళికలు కడిగించిన మనిషిని గురువుగారూ అన్నది వాళ్ళే మొదలు.

కొంప ముంచింది పొగడ్తే. పాలకొల్లులో ఒక ఒడుగులో, భోజనాల పంక్తిలో నాన్నగారి పక్కన కూర్చున్న కాకినాడ చుట్టం ఒకాయన, మీ తమ్ముడుగారి బ్లాగు రోజూ చదువుతానండి, ఆయన మందు గురించి రాస్తే తాగనివాడికి కూడా నోరూరుతుందండి, అని మనసారా మెచ్చుకున్నాడు. ఆయన పప్పులో నెయ్యి వేయించుకుంటూ అన్న మాట అది. నాన్నగారు పంక్తి మధ్యలో లేవకూడదు గనక లేవలేదు. మర్నాడు ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళారు. గుడికి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారట, ఆ సెంటరాయన తరువాత చెప్పాడు. కాగితాల మీద ప్రింటు తీయించుకుని, ఇంటికొచ్చి తలారా స్నానం చేసి, అరుగు మీద కూర్చుని అన్నీ చదివారు. చదువుతూ చదువుతూ అలవాటు కొద్దీ రెండు చోట్ల తప్పులు కూడా దిద్దారు.

నెల తిరిగితే తాతగారి తద్దినం. ఆ రోజు మా ఇంట్లో నాన్నగారు కర్తగా కూర్చుంటే బాబాయి పక్కనే తడిపంచెతో కూర్చునేవాడు. పిండాలు పెట్టేటప్పుడు అన్నగారి చేతిని దర్భతో తాకి ఉండేవాడు. తండ్రి ముఖం సరిగ్గా గుర్తులేని బాబాయికి ఏడాది మొత్తంలో ఆ ఒక్క పూటే తండ్రి ఉన్నట్టుండేది. ఈ మాట ఆయనే ఒకసారి నాతో అన్నాడు. మద్యం ముట్టినవాడు ఆ పీట మీద కూర్చోవడానికి పనికిరాడని నాన్నగారి నమ్మకం. బాబాయిని పిలిపించి, కాగితాలు ముందు పెట్టారు. అమ్మా నేనూ గుమ్మంలో నిలబడి ఉన్నాం.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే అన్నయ్యా."

"అయితే ఈసారి భోజనానికి రా. పీట మీదికి వద్దు."

"తాగావా అని అడుగు అన్నయ్యా. ఒక్కసారి అడుగు, చెప్తాను."

"చేత్తో రాసుకున్నవాణ్ణి నోటితో అడిగేదేముంది?"

నోటిమాట గాలికి పోతుంది, రాత నిలుస్తుంది, అందుకని నిజమే రాయాలి అని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి ఆయన. సరదాకి అబద్ధం రాసుకునే మనిషి ఒకడుంటాడని, వాడు తన ఇంట్లోనే ఉంటాడని ఆయనకు ఎలా తడుతుంది? బాబాయి కాగితాలు తీసి చక్కగా సర్ది, తిరిగి అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

మేము చెప్పలేదా అంటే చెప్పాం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మీరూ అలాగే అంటే ఎలాగండీ, అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను తాగిన ప్రతి గ్లాసులో ఏముందో వరసగా చెప్పాను. మీరెప్పుడూ వాడి పక్షమే, వాణ్ణే వచ్చి చెప్పమనండి, అన్నారు నాన్నగారు. బాబాయి దగ్గరికి వెళితే, నన్ను పెంచినవాడికి నేను సాక్ష్యాలు తెచ్చుకోవాలా, ఆయన్ని అడగమనండి, అన్నాడు. పోనీ బ్లాగులో ఒక్క ముక్క, అదంతా ఉత్త సోడాయేనని రాసెయ్యండి అని పిన్ని బతిమాలింది. అన్నయ్య దగ్గర తాగుబోతునయ్యాను, వాళ్ళ దగ్గర అబద్ధాలకోరును కూడా అవమంటావా, అన్నాడు. ఇద్దరిదీ ఒకే రక్తం. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది.

ఆ ఏడు తాతగారికి రెండు తద్దినాలు జరిగాయి. మా ఇంట్లో ఒకటి, గోదావరి గట్టున పురోహితుణ్ణి పెట్టుకుని బాబాయి విడిగా పెట్టింది ఒకటి. పురోహితుడు ఒక్కడే కావడంతో ఇక్కడ ముగించుకుని సైకిలు మీద అక్కడికి పరుగెత్తాడు. మీ తాతగారు అదృష్టవంతులు, రెండు పూటలా గారెలే, అని వీధిలో ఎవరో పరాచికాలాడారు. అమ్మ లోపలికి పోయి పమిట కొంగుతో ముఖం తుడుచుకుంది. తరువాతి ఏళ్ళూ అంతే. ఎదురుపడితే ఇద్దరూ తలలు వంచుకుని తప్పుకునేవారు. పండక్కి పిన్ని ఒక్కతే వచ్చేది. బాబాయి మాత్రం బ్లాగు మానలేదు, ఇంకా ఎక్కువ రాశాడు. కొత్త ఫోన్ల గురించి, ఊళ్ళో పెరిగిన ఆటోల గురించి, వరద తగ్గాక మెట్ల మీద మిగిలే ఒండ్రు గురించి. కాక్‌టెయిల్స్ మాత్రం ఆపేశాడు. డబ్బా మళ్ళీ ఆవకాయకు పోయింది.

ఆ తరువాత కొన్నేళ్ళకు బాబాయికి కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. కాకినాడ తీసుకువెళితే లివరు పాడైందన్నారు. లోపల ఎప్పుడో పట్టిన జబ్బు, తాగని వాళ్ళకూ వస్తుందట. కాని లివరు అనేసరికి బంధువులందరికీ ముందే తెలిసినట్టయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. నాన్నగారికి ఆ కబురు చెప్పింది నేనే. ఆయన సంచీలో పంచె పెట్టుకుని నాతో బస్సెక్కారు. సామర్లకోట దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

మేము గదిలోకి వెళ్ళేసరికి పెద్ద డాక్టరుగారు ఉన్నారు. బాబాయి అన్నగారిని చూసి లేవబోయి లేవలేకపోయాడు. డాక్టరుగారు చీటీ చూస్తూ, మందు అలవాటు ఎన్నేళ్ళుగా ఉందండీ, అని మామూలుగా అడిగారు. మా నాన్నగారు అడగని ప్రశ్న పరాయి మనిషి అడిగేశాడు. బాబాయి ఆయనకేసి చూడలేదు, అన్నగారికేసి చూశాడు.

"ఎప్పుడూ లేదండి. ఒక్క చుక్క కూడా."

"అందరూ అలాగే అంటారండి," అన్నారు డాక్టరుగారు, నొప్పించకుండానే.

నాన్నగారు మంచం దగ్గరికి వెళ్ళి బాబాయి చెయ్యి పట్టుకున్నారు. "వాడు లేదన్నాడు కదండీ. లేదనే రాసుకోండి. మావాడు నా ఎదురుగా అబద్ధం చెప్పడు."

బాబాయి గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. పిన్ని నోట్లో కొంగు కుక్కుకుంది. డాక్టరుగారు ఏమనుకున్నారో, తలూపి రాసుకుని వెళ్ళిపోయారు. ఆ తరువాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారని అందరూ నన్ను అడిగేవారు. ఏమీ మాట్లాడుకోలేదు. బాబాయికి ఓపిక లేదు, నాన్నగారికి నోరు పెగల్లేదు. ఆయన కమలాఫలం తొనలు ఒలిచి, గింజలు తీసి నోట్లో పెడుతూ కూర్చున్నారు. తాతగారి తద్దినం ఇంకా రెండు నెలలుంది. బాబాయి పదిహేను రోజులు కూడా ఉండలేదు.

పిల్లల్లేరు గనక కర్మ నా తమ్ముడు చేశాడు. పన్నెండో రోజు చుట్టాలంతా వెళ్ళాక, నాన్నగారు అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. మనసులో ఉన్నది ఆపుకోలేక అడిగేశాను, అంత నమ్మకం ఉన్నవారు ఆ రోజే అడిగి ఉండవచ్చు కదా నాన్నగారూ, అని. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"అడిగితే లేదంటాడని నాకు తెలుసమ్మా. అంటే నమ్మేసేవాణ్ణి," అన్నారు. "నా కోపం తాగుడు మీద కాదు. ఆ కాగితాల నిండా కబుర్లే. ఏం చూశాడు, ఏం తిన్నాడు, ఏ ఊరు వెళ్ళాలనుంది, రాత్రి నిద్ర పట్టకపోతే ఏమనిపిస్తుంది. అన్నీ ఎవరెవరికో చెప్పుకున్నాడు. చేతుల్లో పెంచాను కదా, నాకొక్కటీ చెప్పలేదు."

మీరెప్పుడైనా అడిగారా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. తమ్ముడితో అవసరమైన మాట తప్ప ఆడని అన్నగారు, అన్నగారి ముందు కుర్చీలో కూడా కూర్చోని తమ్ముడు. వాళ్ళ మధ్య కబుర్లకు చోటెక్కడుంది? చొక్కా చూపించడం వరకే వాళ్ళకు చేతనయింది.

బాబాయి పోయాక నాన్నగారు ఇంకా చాలా ఏళ్ళు బతికారు. అన్నదమ్ములిద్దరూ తీరిగ్గా కూర్చుని కబుర్లన్నీ చెప్పుకోవడానికి సరిపోయేంత కాలం, అంతా ఆయనొక్కరికే వచ్చింది.