విశ్వకర్మ పూజనాటి మెగ్గర్

దయ్యాలూ పూనకాలూ మా ఇంటావంటా లేవు. ఎస్టేటు పోయింది, మేడ పోయింది, ఆ పట్టుదల మాత్రం నాకు మిగిలింది. కాబట్టి దీన్ని పిరికివాడి మాటగా ఎవరూ చదవనక్కర్లేదు.

డెబ్భైల చివర్లో రాయగడలో ఒక మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాణ్ణి. తోటివాళ్ళు నన్ను వెటకారంగా ‘రాజుగారు’ అనేవారు. నేను పలికేవాణ్ణి. ఆ పిలుపు మా వంశానికి కొత్త కాదు.

విశ్వకర్మ పూజ నాడు అక్కడ పనిముట్లకి సిందూరం పెట్టి, ఆ రోజంతా వాటిని ముట్టుకోరు. మా వర్క్‌షాపులో అన్నిటికంటే ముందు పూజపీట ఎక్కేది ఒక పాత మెగ్గర్. చెక్కపెట్టె, పక్కన తిప్పే పిడి. కేబుల్‌కి తగిలించి పిడి తిప్పితే, కరెంటు బయటికి కారే కేబులైతే దాని ముల్లు సున్నాకి వస్తుంది, బాగుంటే అవతలి చివరికి పోతుంది. కరెంటు కొట్టి చనిపోయిన ఒక ఫోర్‌మన్‌ది అది. ఆయన పోయాక దాన్ని ఎవరూ వాడలేదు.

ఆ పూజరోజే కాలనీ ఆసుపత్రికి నీళ్ళు ఆగిపోయాయి. పంపు గుంట వానలకి నిండింది. ఫిట్టరు సింహాచలం, మోటారు తిరుగుతుండగా, ఆ నీళ్ళలో నిలబడి లీకు బిగించాలి. స్టోర్సులోంచి కొత్త మెగ్గర్ తీసుకుని, గుంట దగ్గరికి వెళ్ళి మోటారు కేబుల్ చూసొచ్చాను. బాగానే ఉంది.

పనికి బయల్దేరేముందు అందరూ పాత పెట్టెకి దండం పెట్టడం నాకు నచ్చలేదు. అది వట్టి పెట్టేనని చూపిద్దామని దాన్నీ పట్టుకెళ్ళాను.

“బాబూ, ఇయేళ దాన్ని ముట్టుకోకండి. పూజలో ఉన్నాది,” అన్నాడు సింహాచలం.

గుంట దగ్గర దాన్ని అదే కేబుల్‌కి తగిలించి తిప్పాను. ముల్లు సున్నా దగ్గర నిలిచింది. తీగలు విప్పి తిప్పితే అవతలి చివరికి పోయింది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ సున్నాయే.

సింహాచలాన్ని దిగవద్దన్నాను.

“ఏటి రాజుగోరూ, పూజలో పెట్టె సెప్పిందని ఆస్పత్రిని ఎండగట్టేత్తారేటి?” అన్నాడొక హెల్పరు. అందరూ నవ్వారు. నేను గుంట అంచున అడ్డంగా నిలబడ్డాను. చివరికి మనిషిని దించకుండానే స్విచ్ వేశారు.

మోటారు మూలిగింది. గుంటలో కప్పలు ఒక్కసారిగా ఎగిరిపడి వెల్లకిలా తేలాయి.

మర్నాడు పాత మెగ్గర్ మూత విప్పి చూశాను. లోపల కరెంటు పుట్టించే డైనమో లేదు. రాగి కోసం ఎవరో ఎప్పుడో పీకేశారు. ఆ చోట దుమ్ము గడ్డకట్టి ఉంది. ముల్లుకి వెళ్ళే తీగ తెగి, కొసన చిలుము పట్టి ఉంది. కొత్త మెగ్గర్‌ని వేరే కేబుళ్ళ మీద చూశాను. ఎక్కడా తప్పు చెప్పలేదు.

సింహాచలం నా వెనక నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

“మరయితే నిన్న నన్ను ఆపింది ఎవులు బాబూ?” అన్నాడు.

నేనేనని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఇన్నేళ్ళు గడిచినా ఆ మాట అనే ధైర్యం నాకు రాలేదు. ఇంకెవరని చెప్పాలో కూడా తెలియదు.