తనిఖీ రోజు చల్లగా నడిచిన ఏసీలు

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్ల వెనక మా కార్పొరేషన్‌కు ఒక రెండంతస్తుల భవనం ఉంది. కింద వార్డు ఆఫీసు, పైన చదువుకునేవాళ్ల హాలు. పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు పొద్దున తొమ్మిదికల్లా వచ్చి కుర్చీ పట్టుకుంటారు. ఎదురుగా టవర్లలో జనం ఎండాకాలంలో కూడా చలికి స్వెట్టర్లు వేసుకుంటారు. మా హాల్లో మాత్రం గోడకు రెండు ముసలి ఏసీలు, గాలి తక్కువ, చప్పుడు ఎక్కువ. కరెంటు విభాగం ఇంజినీరుగా వాటి బాగోగులు చూడాల్సింది నేను.

వాటిని మార్చమని మూడేళ్లు ఫైలు నడిపాను. ప్రతిసారీ నిధులు లేవని తిరిగొచ్చేది. పోయిన వేసవికి ముందు ఒక్క భవనానికి సరిపడా డబ్బు మిగిలిందని తెలిసింది. ఏ భవనానికివ్వాలో తేల్చడానికి, నిధులు మంజూరు చేసే పెద్దసారు స్వయంగా వచ్చి చూస్తారట. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

హాల్లో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి ఒకతి ఉండేది. రాత్రి ఒక టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ, పగలు ఎస్సై పరీక్షకు చదువు. ఉండేది కిరాయికి తీసుకున్న రేకుల గదిలో.

"మా పరీక్షలోపు కొత్త ఏసీలు వస్తయా మేడం?" అని అడిగింది.

"వస్తాయి, నాదీ పూచీ" అన్నాను. నాకు మాటివ్వడం అంత తేలిక.

ఇక పెద్దసారు వస్తున్నారంటే మన ఆఫీసుల్లో ఏం చేస్తామో అదే చేశాం. మెట్లు కడిగించాం. పూల బొకే, పళ్లెంలో జీడిపప్పు, టర్కీ టవల్ కప్పిన కుర్చీ. సారుకు ఉక్కపోస్తే పరువు పోతుందని బాలానగర్ నుంచి మెకానిక్‌ను పిలిపించాను. ఏళ్ల తరబడి ఆ ఏసీల ప్రాణం నిలబెడుతున్నది ఆయనే.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. జర గ్యాస్ కొట్టి కడిగితే రెండు గంటలు మంచుగడ్డ లెక్క ఉంటది" అన్నాడు.

సారుకు ఇబ్బంది కాకూడదని చదువుకునేవాళ్లందరినీ ఆ గంటసేపు కిందికి పంపేశాను. అమ్మాయి పుస్తకాలు సర్దుకుంటూ నా వైపు ఒకసారి చూసింది. ఎందుకలా చూసిందో ఆలోచించే తీరిక నాకు లేదు.

సారు కోస్తా మనిషి, మాట మెత్తన. టవల్ కుర్చీలో కూర్చుని, నాలుగు జీడిపప్పులు నమిలి, హాయిగా కాళ్లు చాపుకున్నారు.

"బ్రహ్మాండంగా ఉందండీ! మా ఆఫీసే ఇంత చల్లగా ఉండదు. పైగా హాల్లో మనుషులు కూడా లేరు. ఈ ఏసీలు ఇంకో రెండేళ్లు నడుస్తాయి కదండీ?"

నేను నోరు తెరిచేలోపే మెకానిక్ ఆ మెప్పు తనకే అనుకుని, "ఐదేండ్లు గూడ నడుస్తయి సార్!" అన్నాడు. ఆయన్ని అక్కడికక్కడే నమిలేద్దామనిపించింది.

సారు కారు వెళ్లిన అరగంటకు రెండు ఏసీలూ ఆగిపోయాయి. అమ్మాయి పైకి వచ్చి, "ఇస్తరంటనా మేడం?" అంది. ఆమె ముఖం చూడలేకపోయాను. అంత సిగ్గు ఉద్యోగంలో ఎప్పుడూ పడలేదు.

ఆ సాయంత్రమే సారుకు ఉత్తరం రాశాను. తనిఖీ కోసమే గ్యాస్ నింపించామని, చదువుకునేవాళ్లను నేనే బయటికి పంపానని, తప్పు నాదేనని, దయచేసి చెప్పకుండా మళ్లీ ఒకసారి రమ్మని. మెమో ఖాయమనుకున్నాను. మెమో రాలేదు. వారం తర్వాత మిట్టమధ్యాహ్నం సారే వచ్చారు.

ఈసారి పూలు లేవు, టవల్ లేదు. హాలు కిటకిటలాడుతోంది. అమ్మాయి లేచి తన కుర్చీ ఇచ్చింది. ఐదు నిమిషాలకే సారు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఈ ఉక్కలో ఎలా చదువుతున్నావమ్మా?"

"మా రూము కన్నా గీడనే నయం సార్. రాత్రి డ్యూటీ చేసి పోతే ఆడ పగటిపూట పండుకోనీకి గూడ రాదు. రేకులు కాలుతయి."

సారు ఫైలు తెమ్మని, అక్కడే ఆ చెమట చేత్తోనే సంతకం పెట్టారు.

పరీక్షకు పది రోజుల ముందు కొత్త ఏసీలు బిగించారు. పిలవకపోయినా బాలానగర్ మెకానిక్ వచ్చి, తన పాత ఏసీలను దించుతుంటే దిగులుగా చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం నాలుగింటికి నేనూ వెళ్లాను. ఆ అమ్మాయి చల్లగా కూర్చుని చదువుకుంటుంటే చూసి, నా మాట నిలబెట్టుకున్నానని కాస్త గొప్పలు పోదామని.

ఆమె చదవడం లేదు. తెరిచిన పుస్తకం మీద చెంప ఆనించి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది.

"లేపాల్నా మేడం? పరీక్ష దగ్గరికొచ్చె గదా" అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి.

"వద్దు, పడుకోనివ్వండి" అన్నాను. నా కళ్లు చెమర్చాయి. మూడేళ్లు ఫైలు నడిపింది చదువు కోసమనే అనుకున్నాను. ఆమె లేచేదాకా ఎవరూ కదిలించకుండా పక్క కుర్చీలో కూర్చున్నాను.