బాయిలర్‌లో గంజి

పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉండగా, ఒక మార్చి మొదటి వారంలో, మా ప్రిన్సిపాల్ గారు నాకు రాతపూర్వకంగా ఒక పని అప్పగించారు. అప్పుడు నేను విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో వర్క్‌షాప్ సూపరింటెండెంట్‌ని. స్టోర్‌రూమ్‌లో ఏళ్ల తరబడి అట్టపెట్టెలోనే పడి ఉన్న ఆవిరి రోడ్డు రోలర్ కిట్‌ను విప్పి, బిగించి, ఏప్రిల్‌లో జరిగే కళాశాల ప్రదర్శనలో నిజమైన ఆవిరితో నడిపించాలి. అసలు రోలర్‌లో పన్నెండో వంతు నమూనా అది. మూరెడు పొడవుంటుంది.

ప్రాక్టికల్ పరీక్షల కాలం కనుక వర్క్‌షాప్‌లో ఒక్క బల్లా ఖాళీ లేదు. తార్నాకలోని మా ఫ్లాట్‌లో చేసుకొస్తానన్నాను. కాలేజీ సామాను బయటికి పోవాలంటే గేట్ పాస్ కావాలి. "రోడ్డు రోలర్ - ఒకటి" అని నేనే రాసి, నేనే సంతకం చేశాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాస్ చదివి, నా స్కూటర్ వెనకాల రోడ్డంతా కలియజూసి, "రోలర్ యాడున్నది సార్?" అన్నాడు. కాళ్ల దగ్గరి అట్టపెట్టె చూపించాను. "మడతపెట్టిన్రా?" అన్నాడు. అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. రిజిస్టర్‌లో ఎంట్రీ మాత్రం పడింది.

ఇంట్లో భోజనాల బల్ల నిండా చక్రాలు, వాల్వులు, గుప్పెళ్లకొద్దీ స్క్రూలు పరిచాను. నా భార్య విశాల వారం రోజులు ఓర్చుకుంది. ఆ తర్వాత, "ఏవండీ, మనిద్దరం కింద కూర్చుని తింటుంటే మీ రోలరు దర్జాగా బల్లెక్కి కూర్చుంది. దానికీ ఓ కంచం పెట్టమంటారా?" అని అడిగింది. నేను స్క్రూలను ఇంకో అంగుళం పక్కకు జరిపాను.

ఇలాంటి నమూనాలో ప్రాణమంతా బాయిలర్‌లోనే ఉంటుంది. రాగి రేకు ముక్కలను వెండి కలిసిన కడ్డీతో, మంట మీద అతికించాలి. బాల్కనీలో గ్యాస్ టార్చ్ పెట్టి ఆ పనీ పూర్తిచేశాను. ఇక మిగిలింది నీటి పరీక్ష. బాయిలర్ నిండా గాలి లేకుండా నీళ్లు నింపి, చేతిపంపుతో అది మోయాల్సిన ఒత్తిడికి రెట్టింపు ఎక్కిస్తాం. నీళ్లే ఎందుకంటే, ఆవిరితో పగిలితే ముక్కలు ఎగురుతాయి, నీటితో పగిలితే నేల తడుస్తుంది. పావుగంట పాటు గేజీలో సూది కదలకూడదు. పరీక్షించి సంతకం చేసేవాడు, బాయిలర్ చేసినవాడు కాకూడదు. ఈ నిబంధనల కాగితాన్ని వర్క్‌షాప్ గోడకు అంటించింది నేనే.

ప్రదర్శన శనివారం. మంగళవారం నాడు ముందుజాగ్రత్తగా ఇంట్లో పరీక్షించి చూసుకుంటే సూది మెల్లగా దిగింది. కింది అతుకు దగ్గర సూదిమొనంత చుక్క. మళ్లీ మంట పెడితే మిగతా అతుకులు ఊడిపోయే ప్రమాదం ఉంది, టైమూ లేదు. ఆహ్వానపత్రాల్లో "ఆవిరి రోలర్ ప్రత్యక్ష ప్రదర్శన, నిర్మాణం: సూపరింటెండెంట్ గారు" అని అచ్చయిపోయింది. నా పరువంతా ఆ చుక్కలో వేలాడుతోంది.

వంటింట్లో విశాల అప్పుడే అన్నం వార్చింది. ఆ గంజిలో చెంచాడు మైదా కలిపి బాయిలర్‌లో పోసి, పంపు కొట్టాను. లోపలి నీరు బయటికి వచ్చే దారిలో పిండి రేణువులు ఇరుక్కుని కన్నం మూసుకుంటుంది. సూది ఠక్కున నిలిచింది. ఇదే మోసం చేసిన ఇద్దరు విద్యార్థులకు లోగడ సున్నా వేసిన పెద్దమనిషిని నేనే. సిగ్గు వేసింది, కానీ సంతోషం అంతకంటే ఎక్కువ వేసింది. తీస్తే పూత ఊడుతుందేమోనని గంజిని అలాగే ఉంచి బిరడా బిగించేశాను.

శుక్రవారం వర్క్‌షాప్‌లో పరీక్షించాల్సినవాడు మా ఫోర్‌మన్ నర్సింలు. హోదాలో నాకంటే ఒక మెట్టు కింద, పనిలో ఎన్ని మెట్లు పైనో నేను లెక్కపెట్టలేదు. మెట్టుగూడ మనిషి, వాళ్ల నాన్న రైల్వేలో ఆవిరి ఇంజన్ల ఫిట్టర్. అంతకుముందు ఏడాది అతను చేసిన గాలి ట్యాంకును చిన్న లీకుకే నేను మూడుసార్లు తిప్పి పంపాను.

నర్సింలు పంపు కొట్టాడు. సూది ఎక్కింది, నిలిచింది. పావుగంట నేను గోడ గడియారాన్నీ, అతను నన్నూ చూశాం. "మంచిగనే నిలవడ్డది సార్," అన్నాడు. నేను పెన్ను మూత తీసి అందించాను. అతను పెన్ను తీసుకోకుండా తన టీ గ్లాసు తెచ్చి, బాయిలర్ కింద పెట్టి, అడుగు కుళాయి తిప్పాడు. ఏప్రిల్ ఎండల్లో మూడు రోజులు మగ్గిన గంజి తెల్లగా, బుడగలతో దిగింది. ఆ పులిసిన కంపు లేతు మిషన్ల దాకా పోయింది.

"గిదేంది సార్, బాయిలర్ల గంజి గాసిన్రా?"

నేను పెన్నుకు మూత మళ్లీ పెట్టేశాను.

"మా నాయిన జొన్నపిండి ఏసేటోడు సార్. గది గూడ షెడ్డు దాంక బండి గుంజుకొచ్చెతందుకు, సంతకం కోసం గాదు."

చిన్న లీకు అని రాయమని బతిమాలాను. అతను రిజిస్టర్‌లో "తిరస్కరణ" అని రాసి, కారణం గడిలో గుండ్రటి అక్షరాలతో "గంజి" అని రాశాడు. నెలాఖరున ఆ రిజిస్టర్ ప్రిన్సిపాల్ గారి సంతకానికి వెళ్లింది. ఆయన నన్ను పిలిచి, ఇది ఏ రకం లోపమో వివరించమన్నారు. వివరించాను.

శనివారం నాడు రోలర్‌ను కంప్రెసర్ గాలితో నడిపించింది నర్సింలే. పొగ ఏదని అడిగిన ప్రతివాళ్లకూ "సూపరింటెండెంట్ సార్‌ను అడుగున్రి" అని నావైపు చెయ్యి చూపించాడు. వేసవి సెలవుల్లో అతుకంతా విప్పి మళ్లీ అతికించాం. అప్పుడు అది ఆవిరితో శుభ్రంగా నడిచింది. చూసినవాళ్లం మేమిద్దరమే.

చేసినవాడు తన బాయిలర్‌కు తాను సంతకం పెట్టకూడదన్న నిబంధనను ముప్ఫై ఏళ్లు పాఠంగా చెప్పాను. తన తప్పు తనకు కనబడదు కనుక అని కారణం కూడా చెప్పేవాణ్ని. ఆ కారణం తప్పు. నాకు కనబడింది. ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేవాణ్ని. అయినా గంజి పోశాను. సంతకం ఇంకొకరిది కావలసింది అందుకే.