ఖాళీ గంప గడప దాటిన ఆదివారం

మల్లేశయ్య చేన్లో ఒక ఏడు సొరకాయ కాసిందట. దాన్ని బండి మీద వేసుకొని ఇబ్రహీంపట్నం అంగడికి తోలుకుపోతే, ఎడ్లు అంగడి చేరినా సొరకాయ తొడిమ ఇంకా చేన్లోనే ఉందట. ఈ ముచ్చట చెప్పింది మల్లేశయ్యే. చెప్పిన ప్రతిసారీ ఆ కాయ ఒక బెత్తెడు పెరిగేది. విన్నవాళ్లు నవ్వేవాళ్లే తప్ప కాదనేవాళ్లు కాదు. నోటితో ఎన్ని కోతలు కోసినా, చేన్లో కోత మాత్రం ఏటా చూపించే మనిషి ఆయన.

ఇబ్రహీంపట్నం నుంచి యాచారం పోయే రోడ్డు దిగి మట్టిబాటలో కొంత దూరం నడిస్తే ఆయన మూడెకరాల చెలక వస్తుంది. అప్పటికి హైదరాబాదు, పొయ్యి మీద మరిచిపోయిన పాలలాగా నాలుగు దిక్కులా పొంగుతోంది. అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. దాని వెంట అద్దాల మేడలు వచ్చాయి. వాటి వెంట నల్లకళ్లద్దాలు పెట్టుకొని భూములు చూసేవాళ్లు వచ్చారు. తొలకరి పడితే ఆ చుట్టుపక్కల గడ్డికన్నా ముందు ప్లాటు రాళ్లు మొలిచేవి. ఒక్కొక్కరే అమ్ముకుని పోగా, మల్లేశయ్య చెలక ఒక్కటే గుండు మీద పిలకలాగా మిగిలింది.

పక్క చెలకలన్నీ ప్లాట్లు చేసి అమ్మించిన దివాకర్ ఆ ఊరివాడే, వరసకు మేనల్లుడు. వారానికోసారి గట్టున మోటారు సైకిల్ ఆపి పలకరించేవాడు.

“మామా, ఇంక ఎన్నొద్దులు పిసుకుతవ్ ఈ మట్టి? ఒక్క సంతకం పెడితే కాలు మీద కాలేసుకొని కూసుంటవ్.”

“కాలు మీద కాలేసుకుంటె నడిచేదెట్లరా? నీ ప్లాట్లల్ల ఒక్క మిరపకాయ కాయించి చూపియ్యి. గప్పుడు నేనే వచ్చి పెడ్త సంతకం.”

మాట అలా విసిరేవాడు గానీ లోపల దిగులు లేకపోలేదు. అంగడిలో దళారి నోటికి ఏది వస్తే అదే ధర. పొద్దున దించిన టమాటాలు మధ్యాహ్నానికి ఎవరికీ పట్టనివైపోయేవి. చేను తనను తాను పోషించుకోలేని రోజు వస్తే దివాకర్ అడగక్కర్లేకుండానే ఆ సంతకం పడుతుందని ఆయనకు తెలుసు. అందుకే పగలంతా అంత గట్టిగా మాట్లాడేవాడు.

అలాంటి రోజుల్లో రేణుక వచ్చింది. పంటవాటా సంఘమని, లాభం చూసుకోని ఒక చిన్న సంస్థలో పనిచేసే పిల్ల. స్కూటీ మీద ఊరూరా తిరుగుతూ రైతులతో మాట్లాడేది. ఆమె చెప్పిన పద్ధతి ఇది: పెద్ద అంబర్‌పేటలో పాతిక ముప్పై ఇళ్లవాళ్లు కలిసి, విత్తనం పడకముందే పంటకాలానికంతా వాటా కడతారు. రైతు మందులు కొట్టకుండా కూరగాయలు పండించి ప్రతి ఆదివారం ఇంటికో గంప పంపుతాడు. బాగా పండితే గంప నిండుతుంది, పండకపోతే తగ్గుతుంది. కలిమైనా లేమైనా పండించినవాడూ తినేవాళ్లూ కలిసే మోస్తారు.

“ఒక్కటే షరతు కాకా,” అంది రేణుక. “నీ చేనుదే పంపాలె. బయట కొన్నది ఒక్క కాయ గూడ కలపొద్దు. ఎండిపోయిననాడు ఖాళీ గంపనన్న పంపు గని…”

“ఖాళీ గంపనా?” మల్లేశయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “బిడ్డా, మా ఇంట్లకెల్లి ఖాళీ గిన్నె గడప దాటదు. ఇంక నా చెలక ఎండుడంటవా, గది ఎండిననాడు సూర్యుడు దారి తప్పి మా కొట్టంల పండుకున్నట్టే.”

పక్క సాలులో చిక్కుడుకాయ తెంపుతున్న ఆయన భార్య నర్సింహమ్మ తల ఎత్తకుండానే అంది, “బిడ్డా, గాయన చెప్పినదాంట్ల సగం తీసేసి ఇను.”

“సగం తీసినా బండెడు మిగుల్తది చిన్నమ్మా,” అని రేణుక నవ్వింది.

కానీ ఖాళీ గిన్నె మాట కోత కాదు. అది ఆయన తల్లి మైసమ్మ పెట్టిన కట్టడి. పొరుగింటి నుంచి కూర వస్తే, ఆ గిన్నె కడిగి అందులో ఏదో ఒకటి వేసి పంపాల్సిందే. కరువు వచ్చిన ఒక ఏడు, పక్కింటివాళ్లు జాలిపడి గంజి పోసి ఇస్తే, ఆ చెంబులో వేయడానికి ఇంట్లో ఉప్పురాయి కూడా లేకపోయింది. మైసమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో వాగు దాకా నడిచి గుప్పెడు చింతచిగురు దూసుకొచ్చి, చెంబులో వేసి, కొంగు సర్దుకొని తలెత్తుకుని ఇచ్చి వచ్చింది. ఆ నడక మల్లేశయ్య చిన్నప్పుడు కళ్లారా చూశాడు. తన సొరకాయలను ఎంతయినా పెంచేవాడు గానీ, ఆ గుప్పెడు చింతచిగురును మాత్రం ఎప్పుడూ గుప్పెడే అని చెప్పేవాడు.

సంఘంలో చేరిన మొదటి ఏడు పండగలా గడిచింది. వెదురు గంపలకు ఇంటికో రంగు గుడ్డపీలిక కట్టారు. శనివారం సాయంత్రం మల్లేశయ్య వంకాయ, బెండ, బీర, సొరకాయ సర్దుతుంటే, నర్సింహమ్మ తోటకూర, పాలకూర కట్టలను ఈతాకు చీలికలతో ముడివేసేది. ఆ ముడి ఆమె చేతిదే. లాగితే బిగుస్తుంది, పక్కకు తిప్పితే వదులవుతుంది. ఆదివారం ట్రాలీ ఆటో వచ్చి గంపలు తీసుకుపోయేది, సోమవారం ఖాళీ గంపలు తెచ్చి దించిపోయేది.

అన్నీ ఖాళీగానే వచ్చేవి, ఎర్ర పీలిక గంప తప్ప. అందులో ఒకసారి నాలుగు సకినాలు, ఒకసారి కారప్పొడి పొట్లం, ఏమీ లేనప్పుడు రెండు ఎండు పసుపుకొమ్ములైనా ఉండేవి. ఎర్ర పీలిక రాధమ్మది. అబ్దుల్లాపూర్‌మెట్ పక్క పల్లెలో పుట్టి, పెద్ద అంబర్‌పేటలో ఇంటి ముందు గదిలో పిండివంటలు చేసి అమ్ముకునే మనిషి. మల్లేశయ్య ఆమెను ఎన్నడూ చూడలేదు. అయినా గిన్నె కట్టడి తెలిసిన మనిషి ఒకతి అక్కడుందని ఆయనకు ధైర్యం. “గాయమ్మ సకినం ఎంతుంటదనుకున్నవ్? మా ఎడ్లబండి చక్రం ఇరిగితే గదే ఎక్కించి తోలిన,” అని దివాకర్‌కు చెప్పేవాడు.

రెండో ఏడు వాన మొహం చాటేసింది. చెరువు అడుగు పగిలి పెచ్చులు లేచింది. ఆ ఎండాకాలం బోరు మొదట దగ్గింది, తర్వాత ముక్కింది, చివరికి గాలి మాత్రమే ఊదింది. గంపలు సగమయ్యాయి. ఆ పైన అడుగు కనిపించసాగింది.

“మామా, ప్లాట్లకు నీళ్ల ఫికరే లేదు,” అన్నాడు దివాకర్ గట్టు మీద నుంచి, ఈసారి నవ్వకుండా.

ఒక శనివారం చెలకలో తెంపడానికి ఏమీ మిగల్లేదు. కడిగి బోర్లించిన గంపల ముందు మల్లేశయ్య చాలాసేపు కూర్చున్నాడు. ఖాళీవి పంపితే వాటాదారులు విడిచిపోతారేమో, వాళ్లు పోతే చెలక పోతుందేమో అన్నది ఒక భయం. మైసమ్మ కొడుకు చేతి నుంచి ఖాళీ గంప గడప దాటడం ఇంకొక భయం. ఆయనను లేపి నడిపించింది ఆ రెండోదే.

తువ్వాల నెత్తి మీదుగా కప్పుకొని, తాను ఏళ్ల తరబడి కూరగాయలు దించిన అంగడికే కొనడానికి వెళ్లాడు. నిగనిగలాడే వంకాయలు, ఒక్క పుచ్చు లేని బెండకాయలు, ప్లాస్టిక్ దారం చుట్టిన తోటకూర కట్టలు ఆటోలో వేసుకొచ్చాడు. నర్సింహమ్మ వాకిట్లో నిలబడి చూసింది.

“గివి మనయి గావు.”

“గంప మనదే గద.”

“నేనైతే ముట్ట,” అని ఆమె లోపలికి పోయింది. ఆ రాత్రి కట్టలకు ఈతాకు పడలేదు. మల్లేశయ్య ఒక్కడే గంపలు నింపాడు. అన్నీ నిండాయి. ఆ ఇంటి నుంచి అంత నిండుగా గంపలు ఎన్నడూ పోలేదు.

ఆ గంపలు తిరిగి వచ్చినప్పుడు ట్రాలీ ఆటో వెళ్లేదాకా ఆగి, ఆయన ఎర్ర పీలిక గంప వెతికి తీశాడు. శుభ్రంగా కడిగి ఉంది. లోపల ఏమీ లేదు. పొరపాటున ఏదైనా పక్క గంపలో పడిందేమోనని ఒక్కొక్కటీ బోర్లించి దులిపాడు. మళ్లీ దాన్నే తీసి, వేళ్లతో అడుగు తడిమాడు.

“ఈతాకు లేకపాయె,” అంది నర్సింహమ్మ వెనక నుంచి. “గామెకు ఎరుకైంది.”

మల్లేశయ్య ఆ గంపను గడప మీద పెట్టి దాని పక్కనే కూర్చుండిపోయాడు. ఊరంతా తనను తిట్టినా ఏదో ఒక కోత కోసి దులుపుకొని పోయేవాడు. దీనికి బదులు చెప్పే కోత ఆయన దగ్గర లేదు. ఖాళీ గంప పంపకూడదనుకున్నాడు. ఖాళీ గంప తన గడపకే వచ్చింది.

ఆ వారమంతా ఆయన నోరు విప్పలేదు. దివాకర్ వచ్చి, “ఏంది మామా, బోరుతో పాటు నోరు గూడ ఎండిందా?” అన్నాడు. జవాబు రాకపోయేసరికి వాడికే భయమేసింది. “పానం బాగలేదా, దవాఖానకు పోదమా?” అని అడిగి, సంతకం మాటెత్తకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం ట్రాలీ ఆటో రాగానే మల్లేశయ్య ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టి ఎక్కించాడు. వాటి పక్కన తానూ ఎక్కాడు. నర్సింహమ్మ మంచినీళ్ల సీసా అందించింది.

పెద్ద అంబర్‌పేటలో, కాలనీ హాలు ముందు వాటాదారులు సంచులు పట్టుకొని నిలబడి ఉన్నారు. రేణుక ఎదురొచ్చింది. మల్లేశయ్య దొంతర విప్పి, గంపలన్నీ వరసగా, నోళ్లు పైకి ఉండేలా పేర్చాడు. అందరూ వంగి చూశారు.

“ఏమైంది కాకా?”

“చెలక ఎండింది బిడ్డా. పోయినవారం గూడ ఎండే ఉండె. గవి అంగట్ల కొన్నయి.”

ముందు వరసలో ఉన్న మహేశ్వర్ అనే ఉద్యోగస్తుడు అడిగాడు, “అంటే మా పిల్లలు తిన్నది మందు కొట్టిందేనా?”

“అయ్యుంటది సారు.”

“గదే తినొద్దని గదా మీ దగ్గరికి వచ్చింది. గింత నమ్మితే…” మల్లేశయ్య తల దించుకొని విన్నాడు. ఆ మనిషి అన్నదాంట్లో తీసేయడానికి సగం కాదు, ఇసుమంత కూడా లేదు.

రేణుక గొంతు తగ్గించింది. “నీకు మొదలే చెప్పిన గద కాకా. షరతు తప్పితే సంఘంల ఉండనియ్యరు. నేనొక్కదాన్ని ఏం చెయ్యలేను. వీళ్లంత ఏమంటె గదే.”

అప్పుడు గుంపులో నుంచి ఒకామె ముందుకు వచ్చింది. చీర చెంగుకు ఇంకా బియ్యప్పిండి అంటి ఉంది. వరసలో ఎర్ర పీలిక గంప చూసుకొని, దాన్ని ఎత్తి నిండు బిందెలా చంకన పెట్టుకుంది.

“నా వాటా నేను తీసుకపోతున్న.”

“అందులో ఏముందమ్మా?” అన్నాడు మహేశ్వర్.

“చెలకల ఏమున్నదో గదే ఉన్నది. పండినా ఎండినా వాటా అన్నరు గద, మర్చిపోయిన్రా?” అని, ఆమె మల్లేశయ్య వైపు తిరిగింది. “అన్నా, పోయినసారి గంప నిండ పంపినవ్. అండ్ల నీదొక్కటి గూడ దొరకలె. దానికి బదులు ఏం పెట్టాల్నో తెల్వక ఖాళీగ పంపిన. తప్పుగ అనుకోకు.”

మల్లేశయ్య తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

రాధమ్మ చంకలో ఖాళీ గంపతో, బరువు మోస్తున్నదానిలా మెల్లగా ఇంటి దారి పట్టింది. కాసేపటికి ఇంకొకరు వంగి ఒక గంప ఎత్తారు. తర్వాత మరొకరు. మహేశ్వర్ ఎత్తలేదు. ఆయనతో పాటు చాలామంది సంచులు మడుచుకొని వెళ్లిపోయారు. వాళ్ల గంపలు నేల మీదే మిగిలాయి. వెళ్లినవాళ్లను మల్లేశయ్య ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఎత్తినవాళ్లతోనే నడుపుదామని రేణుక తేల్చింది. ఎత్తని గంపలను ఆయన వెనక్కి తెచ్చి కొట్టంలో దూలానికి వేలాడదీశాడు. చూసినవాళ్లు ఎందుకని అడిగితే, “వచ్చేటోళ్లు వస్తరు,” అనేవాడు, అంతే.

రాధమ్మ గంప మరునాడే తిరిగి వచ్చింది. అడుగున గుడ్డలో మూటగట్టిన సొరవిత్తులు ఉన్నాయి. నర్సింహమ్మ వాటిని అరచేతిలో పోసుకొని చూసి, “గివి మన కాయలయే,” అంది. మొదటి ఏడు పంపిన సొరకాయల్లో ముదిరినదాన్ని రాధమ్మ కోయకుండా విత్తనానికి ఎండబెట్టి దాచిందన్నమాట.

వాన ఆలస్యంగానే వచ్చింది గానీ వచ్చింది. మూడెకరాలకూ చాలే నీళ్లు లేవు. సగం చెలక బీడు పెట్టి, మిగతా సగంలో ఉన్న ఇళ్లకు సరిపడా వేశారు. గట్టు పక్కన పందిరి కట్టి సొరవిత్తులు నాటారు. కాయలు దిగాక తొలి గంపలు సర్దుతున్న ఆదివారం పొద్దున, ట్రాలీ ఆటో వచ్చి ఆగి ఉండగా, దివాకర్ బండి ఆపాడు. నర్సింహమ్మ తోటకూర కట్టకు ఈతాకు ముడి వేస్తోంది. మల్లేశయ్య ఎర్ర పీలిక గంపలో సొరకాయ నిలబెడుతున్నాడు.

“మామా, ఈసారి సొరకాయ ఎంత పొడుగుందంటవ్? ఎడ్లు అంగడికి చేరినయా లేదా?”

మల్లేశయ్య కాయను చేత్తో ఒకసారి తుడిచాడు.

“గంపల పట్టేటంత,” అన్నాడు.

దివాకర్ మిగతా మాట కోసం కాసేపు ఎదురుచూసి, రాకపోయేసరికి బండి దిగి, ఆ గంపను ట్రాలీ ఆటోలోకి ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు.