చేటలో బియ్యం, చత్వారం అద్దాలు

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని తాడేపల్లిగూడెంలో మా బాబాయిగారి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాను. చూస్తూండగానే నాలుగేళ్ళు గడిచాయి. రెండువేల మూడో, నాలుగో గుర్తులేదు, ఆ వేసవిలో మా చర్చి నుంచి ఎనిమిది మంది బుట్టాయగూడెం పైన కొండల్లో ఉన్న ఒక కోయగూడేనికి సేవకి బయల్దేరుతున్నారు. మందులు, దుప్పట్లు, పలకలు సర్దుకుంటున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపారు.

"అక్కడ పెద్దవాళ్ళకి చూపు ఆనడం లేదంటున్నారమ్మా. నువ్వు కూడా వస్తే బాగుంటుంది."

"నేను డాక్టర్ని కాదు కదండీ."

"డాక్టరు పని నిన్ను చెయ్యమనడం లేదమ్మా. చత్వారానికి అద్దాలిస్తే చాలు."

బాబాయి అరవై జతలు ఇచ్చి, ఒక్కోదాని మీద పవరు రాసిన చిన్న కాగితం ముక్క అంటించారు. షాపు గోడకి ఉండే అక్షరాల చార్టు కూడా చుట్టి ఇచ్చారు. "శుక్లాలున్నట్టు కనిపిస్తే అద్దాలివ్వకు. ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళమను," అని మరీ మరీ చెప్పారు.

మా జట్టుకి పెద్ద, గణపవరంలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన టీచరుగారు. ఆవిడంటే అందరికీ కాస్త భయం. రెండు బస్సులు మారి, జీపెక్కి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి నడక మొదలుపెట్టాం. ముందురోజు పడ్డ వానకి వాగులో మోకాటి లోతు నీళ్ళున్నాయి. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని దాటేశారు. నేను సరిగ్గా మధ్యలో జారి, నెత్తిమీది అట్టపెట్టెతో సహా కూర్చుండిపోయాను. గట్టెక్కి చూసుకుంటే అద్దాలు ఒక్కటీ పగల్లేదు గాని, పవరు రాసిన కాగితాలన్నీ ఊడిపోయాయి. చార్టు ముద్దయిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. టీచరుగారు ఆ ముద్దని విప్పి చూసి, "పోతే పోయిందిలే. అక్కడ పెద్దవాళ్ళెవరికీ చదువు రాదు. అక్షరాలు చూపించి ఏం చేస్తావు?" అన్నారు. నాలుగేళ్ళుగా ఆ చార్టు ముందే నిలబడ్డదాన్ని, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్న ఒక పాక అరుగు మీద అద్దాలన్నీ ఆరబెట్టి, ఎలా మొదలుపెట్టాలో తెలియక కూర్చున్నాను. ఎదురుగా ఒక ముసలావిడ చేటలో బియ్యం ఏరుతోంది. కళ్ళు ఎటో ఉన్నాయి. గింజల్ని వేళ్ళతో రుద్దుతూ, గరుకుగా తగిలినదాన్ని రాయనుకుని పారేస్తోంది. పారేసినవాటిలో సగం బియ్యపు గింజలే. టీచరుగారు నా భుజం తట్టి అటు చూపించారు.

నేను వెళ్ళి, "మామ్మగారండీ, ఒక్కసారి ఇవి పెట్టుకుని చూస్తారా?" అన్నాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళ మాటల్లో 'మీరు' అనడం లేదు, చిన్నా పెద్దా అందరూ 'నువ్వే'. ఆవిడకి సంతలకి తిరిగి తెలుగు బాగానే వచ్చు. "ఎవరితో మాట్లాడుతున్నావు పిల్లా? నా వెనకాల ఇంకెవరన్నా ఉన్నారా?" అంది.

మూడు జతలు మార్చాను. నాలుగోది పెట్టగానే ఆవిడ చేట కేసి వంగి, వేలి కొసతో నల్లటి రాయి ఒకటి తీసింది. ఇంకోటి తీసింది. తర్వాత తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. ఈలోగా వాళ్ళాయన, ఏం జరుగుతోందోనని వచ్చి ఆవిడ మొహంలోకి వంగాడు.

"ఈ ముసలోడెవడు?" అంది ఆవిడ.

అందరూ పకపకా నవ్వారు. ఆయన మాత్రం తాపీగా పక్కన కూర్చుని, "నాకూ ఒకటియ్యి పిల్లా, ఈమె సంగతి చూస్తాను," అన్నాడు. రెండు జతలు మార్చాక ఆయనకీ కుదిరింది. ఆవిడని చాలాసేపు చూశాడు. ఏమంటాడోనని అందరం ఎదురుచూస్తున్నాం.

"మొహం అట్టనే ఉంది," అన్నాడు.

ఆవిడ తల దించుకుని మళ్ళీ రాళ్ళు ఏరడంలో పడింది.

ఆ తర్వాత నాకు పెద్దగా పనిలేకుండా పోయింది. వచ్చినవాళ్ళందరినీ ఆవిడే కూర్చోబెట్టి, చేట చేతికిచ్చి, జత తర్వాత జత పెట్టించి, రాయి తీయగలిగితేనే లెమ్మనేది. పుట్టి బుద్ధెరిగి బియ్యం ఏరని మగవాళ్ళు వరసగా కూర్చుని ఏరుతూంటే, వాళ్ళ భార్యలు పనులు మానుకుని వచ్చి చూశారు. ఒకాయన చూపు ఆనుతున్నా రాయి తీయడం చేతకాక మూడుసార్లు వరస చివరికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి గూడెంలో ఉన్న బియ్యమంతా శుభ్రమైపోయింది. ఆ పూట మాకు పెట్టిన అన్నంలో పంటికింద ఒక్క రాయి తగల్లేదు.

ముగ్గురికి మాత్రం ఏ జతా పనికిరాలేదు. కంటిపాప తెల్లగా ఉంది, శుక్లాలే. వాళ్ళలో ఒకామె ఆరు జతలు పెట్టించుకుని, ఏడోది నేను ఇవ్వకపోతే అలా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. టీచరుగారే పక్కన కూర్చుని, ఆపరేషన్ అంటే ఏమిటో నెమ్మదిగా చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. వానాకాలం వెళ్ళాక ముగ్గురినీ తనే ఏలూరు తీసుకొచ్చి, ఆపరేషన్లయ్యేదాకా ఆ పక్కనే వట్లూరులో తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఆవిడంటే నాకున్న భయం అప్పుడు పోయింది.

మేం బయల్దేరే రోజు పొద్దున్న ఆ మామ్మగారు నన్ను వాగుదాకా సాగనంపింది. చూపు బాగా కుదిరిన దగ్గర్నుంచీ ఆవిడకి ప్రశ్నలెక్కువయ్యాయి.

"మీ ఊళ్ళో కొండలున్నాయా?"

"లేవండీ. అంతా చేలు, చేపల చెరువులు. అటు వెళితే కొల్లేరు."

"కొండ లేకపోతే పొద్దు ఎక్కణ్ణించి పొడుస్తుంది?"

చిన్నప్పుడు కొల్లేరు ఒడ్డున మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చూసింది గుర్తొచ్చి, "నీళ్ళలోంచి వస్తుందండీ," అన్నాను.

ఆవిడ ఆగి, నావైపు జాలిగా చూసింది. "రోజూ తడిసే వస్తుందా?" అని, కొంగులో కట్టుకొచ్చిన మామిడికాయలన్నీ నా సంచిలో పోసేసింది.

ఆ తర్వాత వరసగా మూడు వేసవులు వెళ్ళాను. వాగు దాటేటప్పుడు పెట్టె మాత్రం ఎవరూ నా చేతికి ఇవ్వలేదు.