రాని రైలు కోసం ఆగే బస్సు

ఆ కండక్టరుకు ఒక సంగతి ఎంతకీ మింగుడు పడలేదు. పొద్దున ఏడూ పదికి ఊళ్లో బయల్దేరే ఆమె బస్సు, పాత రైల్వే స్టేషను దగ్గరి బజారు దాకా కిటకిటలాడుతూ వెళ్లేది. జనమంతా అక్కడ దిగిపోయేవారు. ఆ తర్వాత కొత్త ఇళ్ల మీదుగా కుట్టుపని షెడ్ల దాకా వెళ్లేది ఆమె, డ్రైవరు, బజారులో ఎక్కే ఒకరిద్దరు, ఖాళీ సీట్లు. అలాగని కొత్త ఇళ్లలో మనుషులు లేరా అంటే, మూడేళ్లలో అక్కడ మేడ మీద మేడ లేచింది. ప్రతి పిట్టగోడ మీదా బట్టలు ఆరుతూనే ఉంటాయి. అయినా బస్సు అక్కడికి చేరే ఏడూ యాభై అయిదుకు స్టాపులో నరమానవుడు ఉండడు.

"అందరికీ బళ్లున్నాయి తల్లీ, మన బస్సెవరికి కావాలి?" అనేవాడు డ్రైవరు. ఆ ట్రిప్పును బజారు దగ్గరే ఆపేయబోతున్నారని డిపోలో గుసగుసలు మొదలయ్యాయి కూడా.

ఆమెకు మాత్రం కళ్లు కొత్త ఇళ్ల దగ్గర మొదలయ్యే ఒక కాలిబాట మీదే ఉండేవి. రోడ్డు పక్క బీడు నేలలోంచి షెడ్ల వైపు పోతుందది. గడ్డిపరక మొలవనంతగా అరిగిపోయి ఉంది. అందరికీ బళ్లుంటే ఆ బాటను అరగదీసిందెవరు?

డ్యూటీ లేని రోజున ఎవరైనా ఆలస్యంగా లేస్తారు. ఆమె ఏడు గంటలకే వెళ్లి ఆ బాట మొదట్లో నిలబడింది. పావు గంట గడిచిందో లేదో, కొత్త ఇళ్ల సందుల్లోంచి ఆడవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి బాట పట్టారు. చేతుల్లో భోజనం డబ్బాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. నలభై దాకా లెక్కపెట్టి, ఇక లెక్క వదిలేసి ఆమె కూడా వాళ్లతో నడిచింది.

"అక్కా, రోడ్డు మీద బస్సుంది కదా, ఈ నడకేంటి?" అని పక్కనున్న కుట్టుపని మనిషిని అడిగింది.

ఆ మనిషి ఎగాదిగా చూసింది. "నువ్వు ఆ బస్సులో కండక్టరమ్మవే కదా? మీ బస్సెక్కితే షెడ్డు దగ్గర ఎనిమిదీ పదికి దిగుతాం. గేటు ఎనిమిదికే మూసేస్తారు. గేటు బయట నిలబడ్డానికి బస్సెందుకమ్మా, నడిస్తే లోపలన్నా ఉంటాం."

పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఎక్కడ పోతున్నాయో కండక్టరుకు వెంటనే తట్టింది. బజారు స్టాపులో బస్సు రోజూ పావు గంట ఆగుతుంది. డ్రైవరు టీ తాగుతాడు, ఆమె పేపరు తిరగేస్తుంది. ఎందుకు ఆగుతున్నామని ఇద్దరూ ఏనాడూ అనుకోలేదు. టైముల చార్టులో ఉంది కాబట్టి ఆగుతున్నారు.

మర్నాడు డిపోలో గుమస్తాను అడిగింది. "నేనొచ్చేసరికే అలా ఉంది" అన్నాడతను. అతని ముందున్న ఆయనా అదే మాటన్నాడట. ఇంటికొచ్చి, ముందు గదిలో పాత రేడియో విప్పుకు కూర్చున్న మామగారి దగ్గర ఆ మాటే ఎత్తింది. ఆయన అదే డిపోలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి.

"ఆ టైం పెట్టించింది నేనే" అన్నాడాయన, తలెత్తకుండానే.

ఆమె నోరెళ్లబెట్టింది.

"ఏడూ నలభైకి ప్యాసింజరు రైలొచ్చేది. అందులోంచి దిగినవాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి బస్సు వెళ్లిపోయేది. ఆరు నెలలు ఆఫీసర్లను పోరుపెట్టి ఆ పావు గంట సాధించాను. తెలుసా?"

"మామయ్యా, ఆ రైలు అక్కడ ఆగడం మానేసి తొమ్మిదేళ్లయింది."

"ఎవరన్నారు?" అని గయ్‌మన్నాడు. కష్టపడి కట్టుకున్న గోడను కోడలు గునపంతో పొడిచినట్టుంది ఆయన ముఖం.

పొద్దున చూస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. బజారు దగ్గర బస్సు ఆగగానే దిగి, ఒక్కడే స్టేషనులోకి వెళ్లాడు. ప్లాట్‌ఫారం పలకల సందుల్లో మోకాలెత్తు గడ్డి. టికెట్ల కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఏడూ నలభైకి ఒక రైలు వచ్చింది, వేగమన్నా తగ్గించకుండా దూసుకుపోయింది. ఆయన తిరిగొచ్చి, తాపీగా టీ తాగుతున్న డ్రైవరును చూసి, "ఎవరి కోసమయ్యా ఆగావు?" అన్నాడు.

బజారు దగ్గర ఆ పావు గంట తీసేయమని అర్జీ కోడలు రాసింది, కింద మామగారు కూడా సంతకం పెట్టాడు. డిపో మేనేజరు రెండుసార్లు చదివి, "నెల రోజులు చూద్దాం. సీట్లు నిండకపోతే ట్రిప్పు తీసేస్తా" అన్నాడు.

మొదటి రోజు ఎక్కింది నలుగురే. ఏడూ నలభైకి బస్సొస్తుందని ఎవరికి తెలుసు? రెండో రోజు ఆ కుట్టుపని మనిషి బాట మొదట్లో అడ్డంగా నిలబడి అందర్నీ రోడ్డు మీదికి మళ్లించింది. వారం తిరిగేసరికి ఫుట్‌బోర్డు మీద కూడా కాలు మోపే చోటు లేదు. డ్రైవరు టీ పోయిందని రెండు రోజులు సణిగి, ఫ్లాస్కు కొనుక్కున్నాడు.

అందరికీ మేలేమీ జరగలేదు. ఆ పావు గంట ఆగడాన్ని నమ్ముకుని సైకిలు మీద బజారు దాకా వచ్చే ఒక పంతులమ్మ, మూడు రోజులు వరసగా బస్సు తప్పిపోయి, నాలుగో రోజు కండక్టరును నలుగురిలో కడిగేసింది. కండక్టరు అంతా విని, మేనేజరును అడిగి, అక్కడ రెండు నిమిషాలు ఆపించగలిగింది. అంతకుమించి ఆపితే గేటు మూసేస్తారు. పంతులమ్మ ఇప్పటికీ ముఖం ముడుచుకునే టికెట్టు తీసుకుంటుంది.

నెలాఖరుకు కొత్త చార్టు ఖాయమైంది. గుమస్తా దాన్ని గోడకు అంటిస్తుంటే, చూడ్డానికొచ్చిన మామగారు అతని చేయి పట్టుకు ఆపాడు.

"పక్కన రాయి బాబూ, షెడ్ల గేటు ఎనిమిదికి మూస్తారు, అందుకని ఈ టైం, అని. రేపు ఆ గేటు టైం మారితే చూసేవాడికి తెలియాలిగా? అప్పట్లో నేను రాయించలేదు."

చార్టులో అలాంటి గడే లేదన్నాడు గుమస్తా. కండక్టరు స్కేలు తీసుకుని, అంచున కొత్త గడి గీసింది. గీశాక పై నుంచి కింద దాకా చూసింది. మిగతా ఇరవై రెండు ట్రిప్పుల పక్కన ఆ గడి ఖాళీగా ఉంది.