పీకుడు వెంకటపతి

గోడకు ప్లగ్గు కనిపిస్తే వెంకటపతి చెయ్యి ఊరుకోదు. పీకాల్సిందే. పీకి, మళ్లీ పెట్టి, తల పక్కకు వంచి, "తనంతట తానే లేస్తాదా?" అని చూస్తాడు. అదో జబ్బు.

మేనకోడలి పెళ్లిలో పాటకచేరీ మధ్య మైకుసెట్టు పీకాడు. పాడే ఆవిడ నోరు ఆడుతూనే ఉంది, చప్పుడు లేదు. ఇంట్లో గ్రైండరు పీకితే భార్య రాజలక్ష్మి పిండిచేత్తోనే వచ్చి, "ఏమయ్యా, రేపు ఇడ్లీ వద్దా నీకు?" అంది. "సుమ్మా, ఊరికే చూస్తిని. లేచింది కదా!" అన్నాడు ఈయన.

ఈయన కింద పనిచేసే ఖర్మ రంజనిది. 1999లో మద్రాసు మైలాపూరులోని వాళ్ల చిన్న కంపెనీ ఒక బోర్డు చేసింది. అరచెయ్యంత కంప్యూటరు, లోపల దాన్ని నడిపించేది లినక్సు. బల్లమీద పెట్టుకుని ప్రోగ్రాము రాసేదీ దాని మీదే, రేపు డబ్బాలో బిగించి అమ్మేదీ దాన్నే. తిరువొత్తియూరు ఐసు ఫ్యాక్టరీలో చేపల గది చల్లదనం కాపాడడం దాని ఉద్యోగం. ఆ ఆర్డరు రాకపోతే బోర్డు పని మూసేసి రంజనిని బిల్లులు కొట్టే సీట్లో కూర్చోబెడతారు.

రంజని రాస్తుంది, వెంకటపతి వచ్చి పీకుతాడు. మళ్లీ పెడితే బోర్డు లేవదు. డిస్కు చెడింది, పాస్‌వర్డు కొట్టి బాగుచెయ్యి అంటూ మొండికేసి కూర్చుంటుంది.

"సార్, ఆపేదానికి ఒక పద్ధతుండాది! ముందు షట్‌డౌన్ అని కొట్టాల!"

"కరెంటోళ్లు అదంతా కొట్టి తీస్తారా అమ్మా? ఆడ కీబోర్డే ఉండదే!"

రంజనికి ఏడుపొక్కటే తక్కువ. డిస్కు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతేనే కదా అది చెడేది. చివరికి పంతం పట్టి, లినక్సు ఉన్నచోట బోర్డు చదవడమే తప్ప ఏమీ రాయకుండా మార్చేసింది. పీకితే లేచింది. మళ్లీ పీకితే మళ్లీ లేచింది. వెంకటపతి కొంచెం డీలాపడ్డాడు కూడా.

ఫ్యాక్టరీలో చూపించే రోజు, "ఈ పొద్దొక్కటీ పీకొద్దు సార్" అని బతిమాలింది. "శరి" అని ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు, పాపం.

అంతా బాగానే జరిగింది. ఓనరు దొరస్వామి తల ఊపి, మిషను చూసుకునే అంజలైవైపు తిరిగాడు. "పాత మిషను ఆగినప్పుడల్లా కరెంటు పోయె అంటివి. ఇది కంప్యూటరు. ఇకమీద ఆగిందంటే నువ్వే ఏదో చేసినట్టు. ఇంటికి పొయ్యేదే!"

అంజలై తల వంచుకుంది. వెంకటపతి చేతులు విడిపోయాయి.

"రామ్మా, నువ్వే పీకు" అన్నాడు అంజలైతో.

రంజని కళ్లు గట్టిగా మూసుకుంది. అంజలై బెదురుతూ పీకింది, పెట్టింది. తెర నల్లగా ఉండిపోయింది. కాసేపటికి గది చల్లదనం చూపే అంకెలు వచ్చాయి.

"చూస్తిరా?" అన్నాడు వెంకటపతి. "ముందు నేనమ్మిన మిషనొకటి ఇట్లనే కరెంటు పోయి ఆగె. పని పోయింది నాకు కాదు, ఆడుండిన పనోడికి. ఇది ఈయమ్మ చేతిలో చెడదు సార్. చెడితే తప్పు నాది. నన్ను తిట్టండి, ఫ్యాను కింద కూర్చోని పడతాను."

ఇన్నాళ్ల పీకుడూ ఎవరి కోసమో రంజనికి అప్పుడు తెలిసింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంతలో అంజలై మళ్లీ పీకింది. ఈసారి బెదురు లేదు. పెట్టింది, లేచింది. నవ్వుతూ ఇంకోసారి ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"ఆర్డరు ఇస్తాను, రాసుకోండి!" అని అరిచాడు దొరస్వామి. "ముందు ఆమెను ఆపండయ్యా!"